చందనం ఒలిచే రోజున బంగారం కొన్నాం – మీతో మాట్లాడాలనిపించింది

సింహగిరి_మెట్లు | ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఇక్కడ నేను చదవడమే ఎక్కువ, రాయడం తక్కువ. కానీ వారం రోజులుగా ఒక ప్రశ్న మనసులోంచి కదలడం లేదు. మీ ముందు పెడుతున్నాను.

మాది గోపాలపట్నం. అక్షయ తృతీయ నాడు తెల్లవారకముందే అమ్మని తీసుకుని చందనోత్సవానికి కొండెక్కాను. విశాఖ వాళ్లకి చెప్పనక్కర్లేదు, బయటి ఊళ్ల వాళ్లూ చదువుతారు కాబట్టి చెబుతున్నాను. సింహాద్రి అప్పన్న, అంటే సింహాచలం కొండ మీది వరాహ నరసింహ స్వామి, ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, చూస్తే లింగంలా కనిపిస్తాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్క రోజే ఆ చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఆ రాత్రే మళ్లీ మూడు మణుగుల చందనం సమర్పిస్తారు. తర్వాత వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పౌర్ణములకి మిగతా మూడు విడతలు. గంటల తరబడి క్యూలో నిలబడితే స్వామి ముందు ఉన్నది మూడు నాలుగు క్షణాలు. వరాహ ముఖం, మనిషి దేహం. అమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుంది. చాలాసేపు మాట్లాడలేదు.

అదే రోజు సాయంత్రం నగల షాపుకి వెళ్లాం. పదకొండు నెలలు స్కీమ్ కట్టాను. ఆ రోజు తీసుకుంటే తరుగులో తగ్గింపు అని పొద్దుట్నుంచి మెసేజీలు. అక్కడా ఇనప గొట్టాల క్యూ, అక్కడా టోకెన్లు, అక్కడా మజ్జిగ ప్యాకెట్లు. గుమ్మంలో కుంకుమ బొట్టు పెట్టి లోపలికి పంపించారు. పైకప్పంతా దీపాలే. అమ్మ నా చెయ్యి పట్టుకుని మెల్లిగా అడిగింది: "ఏటమ్మా, పొద్దున ఆయన మీదున్నది తీసేస్తే చూసొచ్చాం. ఇప్పుడు మన మీద పెట్టుకోడానికి వచ్చామా?"

దెప్పడానికి అన్న మాట కాదది. నిజంగానే అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఎనిమిది గ్రాముల గొలుసు తీసుకుని ఇంటికొచ్చాం. అది బీరువాలో ఉంది, ఇంకా వేసుకోలేదు.

నా చిన్నప్పుడు ఈ రోజున బంగారం మాటే లేదు. మా అమ్మమ్మ కొత్త కుండలో నీళ్లు పోసి, పైన విసనకర్ర పెట్టి దానం ఇచ్చేది. దారిన పోయేవాళ్లకి పానకం పోసేది. అక్షయం అంటే తరగనిది. ఇచ్చింది తరగదని ఆవిడ నమ్మకం. ఇప్పుడు కొన్నది తరగదంటున్నారు. ఇచ్చే రోజు కొనే రోజుగా మారితే మన లోపల ఏం మారింది? "అంతా వ్యాపారం" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి, దయచేసి. నేను కూడా ఆ క్యూలో నిలబడినదాన్నే.

పూర్ణామార్కెట్_కొట్టు | ఆదివారం, రాత్రి 10:02

అమ్మా, మీ అమ్మగారి మాట నన్ను కూర్చోనివ్వలేదు. నేను వ్యాపారిని. పూర్ణా మార్కెట్ దగ్గర పూజ సామాన్ల కొట్టు మాది. కర్పూరం, పసుపు, కుంకుమ, ఒత్తులు, తోరణాలు. నాన్నగారి దగ్గర్నుంచి నాకొచ్చింది.

వ్యాపారం అనగానే దేవుడికి దూరమైనదన్నట్టు మాట్లాడతారు. నాకు మాత్రం కొట్టే దేవుడి గది. పొద్దున్న తలుపు తీసి, గడప కడిగి, గల్లాపెట్టెకి అగరొత్తి చూపించి కూర్చుంటాను. బోణీ డబ్బులు కళ్లకద్దుకుంటాను. మొదటి బేరం వాళ్లతో ఎక్కువ పట్టుబట్టను. పది రూపాయలు తక్కువొచ్చినా ఇచ్చేస్తాను. రాత్రి కట్టేసేటప్పుడు దీపం ఆరిపోయిందని అనం, కొండెక్కిందంటాం. అంటే రోజుకి ఒక మొదలుంది, ఒక ముగింపుంది. కొట్టు కట్టేశాక నేను వ్యాపారిని కాదు, మనవరాలికి తాతయ్యని.

ఇప్పటి అంగడికి తలుపుల్లేవు. మా కోడలు రాత్రి పన్నెండింటికి పడుకునే ముందు ఫోనులో చీర చూసి ఆర్డరు పెడుతుంది. ఆ పిల్ల తప్పు పట్టడం లేదు. కట్టేయని కొట్టు మంచిది కాదేమో అని మాత్రం అనిపిస్తుంది.

ఇంకో బాధ కూడా చెప్పుకోవాలి. అగరొత్తి పెట్టె మీద దేవుడి బొమ్మ, బియ్యం సంచి మీద దేవుడి బొమ్మ, పెళ్లి శుభలేఖ మీద సరేసరి. వాడేశాక ఎక్కడ పడేయాలి? ఆడవాళ్లు వాటిని సంచిలో తెచ్చి "బాబూ, ఇవి ఏం చెయ్యమంటారు" అని నన్నే అడుగుతారు. చెత్తలో వెయ్యడానికి చెయ్యి రాదు. రావిచెట్టు మొదట్లో పెట్టి వెళ్లిపోతారు. మా వీధి రావిచెట్టు కింద చూడండి, ఎంతమంది వేంకటేశ్వర స్వాములో వానకి తడుస్తూ. అమ్మింది నేనే. అందుకే నాకు నొప్పి.

మధురవాడ_మూడో_అంతస్తు | ఆదివారం, రాత్రి 11:35

నేను రుషికొండ వైపు ఐటీ ఉద్యోగిని. మేం చేసేది ఒక అమ్మకాల యాప్‌కి సంబంధించిన పని, అంతకంటే వివరం చెప్పలేను. మా దగ్గర పండగల క్యాలెండర్ ఒకటి ఉంటుంది. సంక్రాంతి, ఉగాది, రంజాన్, అక్షయ తృతీయ, వరలక్ష్మీ వ్రతం, దసరా, దీపావళి, క్రిస్మస్. ప్రతి పండక్కి ముందు ఎప్పుడు ఏ మెసేజీ వెళ్లాలో అందులో ఉంటుంది. పండగ లేని నెలకి ఏదో ఒక "డే" పుట్టిస్తాం. ఖాళీ నెల అంటూ ఉండదు.

మా బామ్మ చెప్పేది: దర్శనం అంటే మనం ఆయన్ని చూడడం ఒక్కటే కాదురా, ఆయన మనల్ని చూడాలి అని. నేనిప్పుడు చేస్తున్న పనిలో సగం మనుషుల్ని చూడడమే. ఏ బొమ్మ దగ్గర వేలు ఆగింది, ఎన్ని సెకన్లు ఆగింది, వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చారా. ఫోను మనల్ని చూస్తుంది. గుళ్లో విగ్రహం చూస్తుందా లేదా అని అనుమానం ఉన్నవాళ్లకి కూడా ఈ విషయంలో అనుమానం అక్కర్లేదు.

తేడా ఎక్కడంటే, బామ్మ దాన్ని కటాక్షం అనేది. కడగంటి చూపుతోనైనా సరే, చూస్తే చాలు బతికిపోతాం అనేది. ఫోను చూపులో దయ అనే గడి లేదు. నేనే కట్టాను కాబట్టి తెలుసు.

రాస్‌హిల్_గంట | సోమవారం, ఉదయం 6:20

నమస్కారం. రిటైరైన తెలుగు టీచర్ని, క్రైస్తవుణ్ణి. హార్బరు పక్కన మూడు కొండల మీద మూడు ప్రార్థనా స్థలాలున్న ఊరు మనది: ఒకదాని మీద వేంకటేశ్వరుడు, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద మా మరియమ్మ తల్లి. ఈ చర్చ మూడు కొండలదీ కావాలని రాస్తున్నాను.

బైబిల్లో మత్తయి సువార్త ఆరో అధ్యాయంలో యేసు ప్రభువు మాట ఉంది. ఒకడు ఇద్దరు యజమానులకు దాసుడుగా ఉండలేడు, దేవునికీ మామోనుకీ కలిపి సేవ చెయ్యలేరు అని. మామోను అనేది అరమాయిక్ మాట. ధనం అని దాని అర్థం. మన తెలుగు బైబిల్లో ఆ మాటకి పెట్టిన తెలుగు ఏమిటో తెలుసా? "మీరు దేవునికిని సిరికిని దాసులుగా నుండనేరరు." సిరి!

నలభై ఏళ్లు పాఠం చెప్పినవాణ్ణి, ఆ అనువాదం దగ్గర ఆగని సంవత్సరం లేదు. మా ఇంట్లో సిరి దేవుడికి పోటీ యజమాని. పక్కింట్లో సిరి అంటే సాక్షాత్తు లక్ష్మీదేవి, సంధ్యవేళ దీపం పెట్టి పిలుచుకునే తల్లి. ఒకే మాట ఒక గోడకి ఈ పక్క శత్రువు, ఆ పక్క అమ్మ. ఇందులో ఎవరిది పొరపాటు అని కాదు నా ప్రశ్న. సిరి ఎప్పుడు అమ్మగా ఉంటుంది, ఎప్పుడు యజమాని అవుతుంది?

భీమిలి_దీపస్తంభం | సోమవారం, ఉదయం 11:15

మాస్టారూ, మీ ప్రశ్న చదివాక వంట పొయ్యి మీద పెట్టి మరీ కూర్చున్నాను.

నేను బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికి ఏటా మార్గశిర గురువారాల్లో వెళ్తాను. ఆ తల్లి గర్భగుడికి పైకప్పు లేదు. ఎండా వానా ఆవిడ మీదే. ఎవరైనా దగ్గరికెళ్లి తమ చేత్తోనే పసుపు, కుంకుమ, పాలు, పువ్వులు సమర్పించుకోవచ్చు. కులం అడగరు. సిరి అనే పేరున్న తల్లికి ఇల్లు లేదు, తాళం లేదు! లాకర్లో ఉండేది సిరి కాదేమో అని నాకు అక్కడే మొదటిసారి అనిపించింది.

పోతన గారి పద్యం మనకందరికీ నోటికొచ్చు: "సిరికిం జెప్పడు". మొసలి నోట చిక్కిన ఏనుగు పిలిస్తే స్వామి లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా లేచి పరిగెత్తాడు. ఆవిడ కోపగించుకోలేదు, వెనకాలే వెళ్లింది. మీ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇది. కష్టంలో ఉన్నవాడి పిలుపు వినపడినప్పుడు సిరికి చెప్పకుండా లేవగలిగితే ఆవిడ అమ్మే. ఆవిడ అనుమతి కోసం ఆగిపోతే యజమాని.

దర్గాకొండ_బాటసారి | సోమవారం, మధ్యాహ్నం 2:40

అమ్మా, చాలా బాగా చెప్పారు. పోర్టులో పనిచేస్తాను, డ్యూటీ మధ్యలో రాస్తున్నాను, కాబట్టి చిన్నగా.

ఖురాన్‌లో నూట రెండో సూరా, అంటే అధ్యాయం, పేరు తకాసుర్. ఎక్కువ కావాలి, ఇంకా ఎక్కువ కావాలి అనే పోటీ. ఎనిమిది వాక్యాలే. ఈ పోటీ మిమ్మల్ని సమాధుల దాకా మైమరపించింది అని మొదలవుతుంది. చివరి వాక్యం: ఆ రోజు, మీకు దక్కిన సుఖాల గురించి మిమ్మల్ని తప్పక అడుగుతారు.

అందులో నాకు భయం వేసేది ఆఖరి మాటే. సుఖపడొద్దు అనలేదు. లెక్క అడుగుతామన్నారు. మా అబ్బా, అంటే నాన్న, రంజాన్ నెలాఖరున ఇంట్లో ఉన్నదంతా లెక్క కట్టి పేదలకి ఇవ్వాల్సిన జకాత్ తీసేవాడు. రెండున్నర శాతం. పక్కకి పెట్టాక మా అమ్మతో "ఇప్పుడు మిగిలింది మనది" అనేవాడు. ఇచ్చేదాకా అది మనది కాదన్న మాట. అక్షయ తృతీయ కుండ దానం గురించి చదువుతుంటే అబ్బా గుర్తొచ్చాడు.

కంచరపాలెం_రైలుగేటు | సోమవారం, రాత్రి 8:05

అందరూ గౌరవంగా మాట్లాడుతున్నారు, నేనూ అలాగే మాట్లాడతాను. కానీ ఒప్పుకోలేకపోతున్నాను.

మా అమ్మ నాలుగిళ్లలో అంట్లు తోమి నన్ను చదివించింది. ఆ ఇళ్లలో ఒకచోట ఆవిడకి గ్లాసు వేరే ఉండేది, పెరట్లో గోడ మీద బోర్లించి. నాకు ఉద్యోగం వచ్చాక మొదటి జీతంలో వాయిదాల మీద ఫ్రిజ్ కొన్నాను. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఆ రాత్రి రెండు మూడుసార్లు లేచి తలుపు తీసి, లోపల వెలిగే లైటు చూసి, మళ్లీ వేసింది. దాన్ని వస్తువ్యామోహం అంటారా? నేను అనలేను.

ఇంకోటి. పెద్ద మాల్‌కి తీసుకెళ్తే గుమ్మం దగ్గర ఆగిపోయింది. మనల్ని రానిస్తారా అని. రానిచ్చారు. ఎవరూ పేరు అడగలేదు, ఊరు అడగలేదు. గుళ్లో ఉచిత దర్శనానికి ఒక లైను, 300 రూపాయల టికెట్టుకి ఒక లైను, 1000 రూపాయల టికెట్టుకి ఇంకో లైను. మాల్లో లోపలికి వెళ్లడానికి లైను ఒక్కటే. మీరు చెప్పిన బురుజుపేట అమ్మవారి లాంటి చోట్లు ఎన్ని ఉన్నాయండీ మన దేశంలో?

సిరి వద్దని చెప్పడానికి ముందు సిరి చేతికి రావాలి. మా అమ్మ కోరికని ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే నాకు దుఃఖం వస్తుంది.

సింహగిరి_మెట్లు | సోమవారం, రాత్రి 8:50

మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. "ఆ తల్లి బొట్టు పెట్టింది కదా, ఇంకేటి, అది పూజే" అంది. నేను కూడా అదే అనుకుంటున్నాను. నా ప్రశ్న మీ అమ్మగారి ఫ్రిజ్ గురించి కాదు. కానీ మీరు రాయకపోతే మేమంతా ఆ తలుపు దగ్గర ఆగిన మనిషిని మర్చిపోయి మాట్లాడేవాళ్లం.

తొట్లకొండ_గాలి | మంగళవారం, ఉదయం 7:45

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదువుతున్నాను. ఇంతవరకు వచ్చినవాటికి రెండు విషయాలు జోడిస్తాను. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వాల్టర్ బెన్యమిన్ అనే జర్మన్ ఆలోచనాపరుడు 1921లో కొన్ని పేజీల నోట్సు రాసి పెట్టుకున్నాడు. ఆయన చనిపోయాక అచ్చయింది. పెట్టుబడిదారీ విధానం మతం ప్రభావంతో పుట్టినది మాత్రమే కాదు, అదే ఒక మతం అంటాడు. దానికి సిద్ధాంతం లేదు, ఆచారం మాత్రమే ఉంది. దానికి మామూలు రోజు లేదు, ప్రతి రోజూ పండగే. మధురవాడ అన్నయ్య చెప్పిన క్యాలెండర్ చూస్తే ఆ మాట కళ్లకి కట్టింది. మూడోది ఇంకా లోతైనది. మిగతా మతాలు పాపానికి పరిహారం చెబుతాయి, ఇది పరిహారం చెప్పదు, భారం పెంచుతూ పోతుంది అంటాడు. జర్మన్‌లో 'షుల్డ్' అనే ఒకే మాటకి అపరాధం అనీ అప్పు అనీ రెండర్థాలు. ఆయన వాదన ఆ మాట మీదే నిలబడి ఉంది.

ఇక్కడే తెలుగువాడిగా నేను ఆగిపోయాను. మన 'ఋణం' అనే మాటలో అపరాధం లేదు, బంధం ఉంది. దేవఋణం, ఋషిఋణం, పితృఋణం అంటాం. పుట్టడమే ఋణంతో పుడతాం. ఎవరైనా అనుకోకుండా జీవితంలోకి వస్తే ఋణానుబంధం అంటాం. చివరికి మన వేంకటేశ్వరుడే పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు చేశాడని, ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడని చెప్పుకుంటాం. వడ్డికాసులవాడు అని ప్రేమగా పిలుచుకుంటాం. అప్పులో ఉన్న దేవుణ్ణి చూసి సిగ్గుపడని జాతి మనది. కాబట్టి బెన్యమిన్ చెప్పింది మన దగ్గర అలాగే పనిచేస్తుందని నేను అనుకోను. మనల్ని పట్టుకోవడానికి బజారుకి అపరాధభావం అక్కర్లేదు. బంధం పేరు చెబితే చాలు. "మీ అమ్మకి కొనలేదా?" "పిల్ల పుట్టినరోజుకి ఇంతేనా?" మన వాయిదాల్లో ఎక్కువ భాగం ప్రేమ పేరు మీద మొదలైనవే.

రెండోది తొట్లకొండ గురించి. భీమిలి రోడ్డులో ఆ కొండ మీద రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉన్నాయి కాబట్టి ఆ పేరు. రెండు వేల ఏళ్ల కింద బౌద్ధ భిక్షువులు అక్కడ ఉండేవాళ్లు. తృష్ణే దుఃఖానికి మూలమని చెప్పినవాళ్లు సముద్రం పక్కన ప్రశాంతంగా కూర్చున్నారని మనం ఊహించుకుంటాం. కానీ తవ్వకాల్లో అక్కడ రోమన్ వెండి నాణేలు దొరికాయి! ఓడల వర్తకం సాగే తీరం ఇది. సన్న్యాసం, వర్తకం ఒకదానికొకటి దూరంగా లేవు, పక్కపక్కనే బతికాయి. వర్తకుల దానాలే ఆ సంఘాల్ని పోషించాయి. అయితే భిక్షువుకి సొంతమని చెప్పుకునేవి ఎనిమిదే: మూడు వస్త్రాలు, భిక్షాపాత్ర, నడికట్టు, మంగలికత్తి, సూది, నీళ్లు వడకట్టే గుడ్డ. కొండ కింద లెక్క లేని సరుకు, కొండ మీద ఎనిమిది వస్తువులు. కింద ఉన్నవాళ్లు తలెత్తితే ఆ ఎనిమిది కనిపించేవి. ఇప్పుడు తలెత్తితే హోర్డింగ్ కనిపిస్తుంది.

గాజువాక_ఉక్కు | మంగళవారం, రాత్రి 10:30

స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్టు దిగి వచ్చి చదివాను. ఎవరూ సినిమా గురించి మాట్లాడలేదు. మన ఊళ్లో ఈ విషయం మాట్లాడుతూ సినిమాని వదిలేస్తే ఎలా? ఊరి నడిబొడ్డునున్న జగదాంబ సెంటర్‌కి ఆ పేరు సినిమా హాలు వల్లే కదా వచ్చింది.

ఇరవై ఏళ్ల వయసులో నేను వీరాభిమానిని. హీరో పేరు వద్దు, ఇక్కడ అభిమానుల గొడవ మొదలవుతుంది. విడుదల రోజున తెల్లవారుజామున నాలుగింటికి హాలు ముందు నలభై అడుగుల కటౌటు, పరంజా ఎక్కి దండ వేసిన చేతులు నావి. పాల ప్యాకెట్లు చింపి పోశాం. హారతి ఇచ్చాం. కొబ్బరికాయలు కొట్టాం. ఇంటికెళ్తే మా అక్క కూతురు పాలకి ఏడుస్తోంది. అమ్మ నన్నేమీ అనలేదు. బియ్యం కడిగిన నీళ్లు కాచి పటికబెల్లం వేసి తాగిస్తోంది. ముప్పై ఏళ్లయింది, ఆ గిన్నె నాకింకా కనిపిస్తుంది.

అయినా ఒకటి దాచను. ఆ పరంజా మీద నాకు కలిగిన ఆనందం అబద్ధం కాదు. ఉద్యోగం లేదు, ఊళ్లో గుర్తింపు లేదు. ఆ అరుపుల్లో మొదటిసారి "మేము" అనిపించింది. ఒక్క గొంతుతో వేలమంది. తర్వాత భజనల్లో కూర్చున్నాను, గిరిప్రదక్షిణలో నడిచాను, యూనియన్ ఊరేగింపుల్లో నడిచాను. ఆ "మేము" మళ్లీ కలిగింది. అంటే ఆకలి నిజమైనదే. ఏ అన్నం పెట్టామన్నదే తేడా.

దేవుడు సినిమాలోకి రావడం, సినిమా దేవుడి గదిలోకి వెళ్లడం మన దగ్గర కొత్త కాదు. 1957లో మాయాబజార్‌లో ఎన్టీ రామారావు గారు కృష్ణుడిగా కనిపించాక తెలుగువాళ్లు కళ్లు మూసుకుంటే కృష్ణుడికి ఆయన ముఖమే వచ్చింది. ఆ వేషంలో ఆయన పటం మా పెద్దమ్మ పూజగదిలో ఉండేది. దాన్ని తప్పు అనలేను. నటుణ్ణి దాటి కృష్ణుడి దాకా ఆవిడ వెళ్లింది. నేను కటౌటు దగ్గరే ఆగిపోయాను.

పూర్ణామార్కెట్_కొట్టు | మంగళవారం, రాత్రి 11:10

తమ్ముడూ, ఆ గిన్నె సంగతి రాసినందుకు నీకు నమస్కారం.

దేవుడి పటాల సంగతి మా నాన్నగారు చెప్పేవారు. పూర్వం ఇళ్లల్లో పటాలే ఉండేవి కావట. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టి లక్ష్మి, సరస్వతి రంగు బొమ్మలు అచ్చు వేశాక గుడిలోకి అడుగు పెట్టనివ్వని వాళ్ల ఇంటి గోడ మీదికి కూడా దేవుడు వచ్చాడు. కంచరపాలెం అమ్మాయి అడిగినదానికి అది కూడా ఒక జవాబే. అచ్చు యంత్రం, బజారు చేసిన మేలు. ఆ మేలే తిరిగి రావిచెట్టు కింద తడుస్తోంది. రెండూ నిజమే, నేను ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదలలేను.

సింహగిరి_మెట్లు | బుధవారం, ఉదయం 5:55

రాత్రంతా మీ మాటలే. తెల్లవారుజామున ఒకటి స్ఫురించింది, పోకముందే రాసేస్తున్నాను.

వినాయక చవితికి మట్టి బొమ్మని తెచ్చి ఏం చేస్తాం? ముందు ఆవాహన. రా స్వామీ, ఇందులో కూర్చో అని. పూజంతా అయ్యాక ఉద్వాసన. యథాస్థానం ప్రవేశయామి, నీ చోటికి నువ్వు వెళ్లు, మళ్లీ రా అని. ఆ తర్వాత అది మట్టే. నీళ్లలో కలిపేస్తాం. బతుకమ్మ అయినా, పెళ్లి కలశం అయినా, వరలక్ష్మీ వ్రతం అయినా అంతే. పిలవడం ఎంత ముఖ్యమో పంపించడం అంత ముఖ్యం. కొట్టు పెద్దాయన రాత్రి దీపం కొండెక్కిస్తానన్నది కూడా ఉద్వాసనే. చివరికి చందనం ఒలవడం కూడా. ఏడాది పాటు ఉన్న పూత, ఎంత పవిత్రమైనదైనా, ఒక రోజు తీసేయాలి. తీసినదాన్ని ప్రసాదంగా పంచేయాలి. అప్పుడు గానీ అసలు రూపం కనపడదు.

మనం కొంటున్న వస్తువులకి ఆవాహన చాలా గొప్పగా చేస్తున్నాం. పెట్టె విప్పడం వీడియో తీస్తున్నాం, కొత్త కారుకి నిమ్మకాయలు తొక్కిస్తున్నాం. ఉద్వాసన మాత్రం ఎక్కడా లేదు. పాత ఫోన్లు సొరుగులో, పాత బట్టలు మంచం కింద, పాత కోరిక కొత్త కోరిక కింద. దేన్నీ "నీ చోటికి నువ్వు వెళ్లు" అని పంపించలేదు. ఆ సాయంత్రం నగల షాపులో అమ్మ అడిగింది ఇదేనేమో.

మధురవాడ_మూడో_అంతస్తు | బుధవారం, ఉదయం 9:20

మేడమ్, మా యాప్‌లో ఒక వస్తువు కొన్నాక ఏం జరుగుతుందో తెలుసా? ఆ క్షణం నుంచే "దీనితోపాటు ఇవి కూడా" అని మొదలవుతుంది. కొన్నాక కాసేపు కూడా ఆ వస్తువుతో ఉండనివ్వం. చాలు అనే మాట ఎక్కడా లేదు. మీ పోస్టు చదివి ఆఫీసు మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయాను.

రాస్‌హిల్_గంట | బుధవారం, మధ్యాహ్నం 12:10

ఈస్టరుకి ముందు ఉపవాస దినాలు మొదలయ్యే రోజు మాకు బూడిద బుధవారం. నిరుటి మట్టల ఆదివారం నాడు చేత పట్టుకుని తిరిగిన మట్టల్ని కాల్చి, ఆ బూడిదే నుదుట పెడతారు. నువ్వు మన్నువి, మన్నైపోతావు అని. జయజయ ధ్వానాలు చేస్తూ పట్టుకున్న మట్టలే నుదుటి బూడిద. అమ్మా, మీరు చెప్పిన ఉద్వాసనకి మా ఇంట్లో పేరు అదే అనుకుంటాను.

భీమిలి_దీపస్తంభం | బుధవారం, సాయంత్రం 4:30

2014 అక్టోబరు 12. హుద్‌హుద్. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. మా వీధిలో ఎవరింట్లో నుయ్యి ఉందో ఆ ఇల్లే కోటీశ్వరుడి ఇల్లు. ఫ్రిజ్‌లో ఉన్నదంతా పాడవకముందే వండి వీధంతా పంచుకున్నాం. ఎదురింటావిడ పేరు నాకు ఆ రోజే తెలిసింది, అప్పటికే ఆరేళ్లుగా ఎదురెదురుగా ఉంటున్నాం.

తుఫాను మళ్లీ రావాలని ఎవరు కోరుకుంటారు? ఎంతమంది ఇళ్లు పోయాయి. కానీ కరెంటు వచ్చిన రోజు అందరం లోపలికెళ్లి తలుపులు వేసుకున్నాం. అది నాకు మరపు రాదు.

పూర్ణామార్కెట్_కొట్టు | బుధవారం, సాయంత్రం 5:15

ఆ వారం నేను సగం షట్టరు ఎత్తి కొవ్వొత్తులు అమ్మాను. పాత ధరకే. బయట మూడింతలకి అమ్మారని తర్వాత తెలిసింది. నాన్నగారి ఫోటో ఎదురుగా ఉంటుంది నాకు, అంతకంటే ఎక్కువ తీసుకోడానికి చెయ్యి రాలేదు.

కంచరపాలెం_రైలుగేటు | బుధవారం, రాత్రి 9:00

ఉద్వాసన మాట నాకు నచ్చింది. దీంట్లో అమ్మని తక్కువ చెయ్యడం లేదు. ఆ ఫ్రిజ్ పదిహేనేళ్లు పనిచేసింది. పాడయ్యాక పాత సామాన్లవాడికి ఇచ్చే ముందు అమ్మ దాన్ని తడిగుడ్డతో తుడిచి, మళ్లీ బొట్టు పెట్టి, "బాగా చూసుకున్నావు మమ్మల్ని" అని దాని మీద చెయ్యి వేసింది. అప్పుడు నాకు వింతగా ఉండేది. ఇప్పుడు ఏడుపొస్తోంది. ఆవిడకి ఎవరూ నేర్పలేదు.

ఒక్క షరతు. ఈ మాటలు ఎప్పుడూ లేనివాడికి చెప్పకండి. ఉన్నవాళ్లం మనలో మనం చెప్పుకుందాం.

దర్గాకొండ_బాటసారి | బుధవారం, రాత్రి 9:25

ఆమీన్.

సింహగిరి_మెట్లు | గురువారం, రాత్రి 8:40

అమ్మతో మాట్లాడాను. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు గిరిప్రదక్షిణ. సింహాచలం కొండ చుట్టూ 32 కిలోమీటర్ల నడక. హనుమంతవాక, అప్పూఘర్, వెంకోజీపాలెం, మాధవధార, ఎన్ఏడీ కూడలి మీదుగా మళ్లీ మా గోపాలపట్నం రావాల్సిందే. మిగతా రోజుల్లో ఆ రోడ్లన్నీ షోరూములే. ఆ ఒక్క రాత్రి షట్టర్ల ముందు బల్లలు వేసి మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర పెడతారు, ఎవరూ డబ్బు అడగరు. మేం ఇన్నేళ్లూ తాగి నడిచినవాళ్లమే. ఈసారి మా గేటు ముందు బల్ల వేద్దామని అమ్మ అంది, అమ్మమ్మ కుండలు రెండు అటక మీద ఉన్నాయి. తెల్లవారుజామున మా వైపు వచ్చేవాళ్లు కాళ్లు ఈడుస్తూ వస్తారు, అప్పుడే ఎక్కువ అవసరం.

మజ్జిగ చేస్తాం. ఎంత పెరుగు కావాలో లెక్క తెలీదు, ఎవరైనా చెప్పగలరా? గొలుసు సంగతి అమ్మ ఇంకా తేల్చలేదు. బీరువాలోనే ఉంది.

పూర్ణామార్కెట్_కొట్టు | గురువారం, రాత్రి 9:05

అమ్మా, వెయ్యిమందికని అనుకుంటే నలభై లీటర్ల పెరుగు తీసుకోండి, నీళ్లు పలచగా కలపాలి, నడిచొచ్చినవాళ్లకి చిక్కటిది పడదు. అల్లం, కరివేపాకు, నిమ్మకాయలు, ఉప్పు నా వంతు. ముందు రోజు సాయంత్రం నేనే ఆటోలో తెస్తాను. ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం వద్దు. మా ఇంట్లో పెళ్లిళ్లప్పటి స్టీలు గ్లాసులు అరవై ఉన్నాయి.

గాజువాక_ఉక్కు | గురువారం, రాత్రి 10:50

పాలు, పెరుగు నాకు వదిలేయండి. నలభై లీటర్లు నేను తెస్తాను. దయచేసి కాదనకండి.

కంచరపాలెం_రైలుగేటు | గురువారం, రాత్రి 11:02

అమ్మా నేనూ వస్తాం. గ్లాసులు అందించే దగ్గర అమ్మని కూర్చోబెట్టండి. ఆవిడ చేత్తో అందరూ తాగాలి.

దర్గాకొండ_బాటసారి | శుక్రవారం, ఉదయం 6:10

అరవై గ్లాసులతో వెయ్యిమందంటే కడిగేవాళ్లు కావాలి. ఆ రోజు నైట్ డ్యూటీ మార్చుకుంటాను. మీ ఇంటి దగ్గర కుళాయి ఎన్నింటి దాకా వస్తుందో చెప్పండి, లేకపోతే డ్రమ్ము తెస్తాను.